ఒరో విన్ హల్లు వినాలంటే: యూసీఎల్ఏ ధ్వని రికార్డింగులపై సమీక్ష

బ్రెజిల్ పడమటి భాగంలో, బొలీవియా సరిహద్దును ఆనుకుని రొండోనియా రాష్ట్రం ఉంది. అక్కడ పకాస్ నోవోస్ నది ఎగువన ఉండే ఒరో విన్ ప్రజల భాషలో చాలా అరుదైన హల్లు ఒకటి ఉంది. నాలుక కొన పళ్లకు తగిలి 'త్' పలుకుతుంది, నాలుక విడివడిన వెంటనే పెదాలు రెండు మూడుసార్లు టపటపా కొట్టుకుంటాయి. వినడానికి రెండు పనుల్లా ఉన్నా ఆ భాషలో అది ఒకటే హల్లు. దాన్ని ఒరో విన్ మనిషి గొంతులోనే, పైసా ఖర్చు లేకుండా వినే వీలు కల్పించింది లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, అందరూ యూసీఎల్ఏ అని పిలిచే సంస్థ. అక్కడి ధ్వనిశాస్త్ర ప్రయోగశాల తన రికార్డింగులను ఆన్‌లైన్‌లో పెట్టింది. ఈ సమీక్ష ఆ రికార్డింగుల గురించి.

తీర్పు ముందే చెబుతాం. ఈ శబ్దం ఎలా ఉంటుంది, నోట్లో ఎలా పుడుతుంది అన్న ప్రశ్నతో వెళ్లేవారికి మేం మొదట చూపించేది ఈ వనరునే. ఒరో విన్ జనం ఎలా మాట్లాడుకుంటారు, ఏ కథలు చెప్పుకుంటారు అన్న ప్రశ్నతో వెళ్లేవారికి ఇక్కడ దొరికేది చాలా తక్కువ. ఈ తేడా తెలిసి వాడుకుంటే నిరాశ ఉండదు.

భాష పరిస్థితి కాస్త చెప్పుకోవాలి. 1960ల్లో రబ్బరు వ్యాపారం కోసం అడవిలోకి వచ్చినవాళ్ల దాడుల్లో ఒరో విన్ ప్రజలు పెద్ద ఎత్తున ప్రాణాలు పోగొట్టుకున్నారు. మిగిలిన కొద్దిమందీ పొరుగున ఉన్న వరీ ప్రజల మధ్య, వరీ భాషా పోర్చుగీసూ మాట్లాడుతూ బతకాల్సి వచ్చింది. ఒరో విన్, వరీ రెండూ చపకూరా కుటుంబంలోని భాషలే అయినా ఒకదానికొకటి మాండలికాలు కావు, వేర్వేరు భాషలు. 1994లో డేనియల్ ఎవరెట్ అనే భాషాశాస్త్రజ్ఞుడి ద్వారా ఒరో విన్ సంగతి పరిశోధకులకు తెలిసేసరికే అది వచ్చినవాళ్లు పది పన్నెండు మందికి మించి లేరు. పిల్లలు నేర్చుకోవడం ఆగిపోయి, తాతల తరం దగ్గర మాత్రమే, అదీ అప్పుడప్పుడూ వినబడే భాషలను యునెస్కో తన కొలమానంలో చివరి మెట్టు మీద పెడుతుంది. ఆ మెట్టు దాటితే ఇక మిగిలేది అంతరించిన భాషల జాబితాయే. కాబట్టి ఈ రికార్డింగుల్లో ఉన్న ప్రతి సెకనుకూ విలువ ఉంది. అందుకే వాటిని సరిగ్గా వినే పద్ధతి గురించి ఇంత వివరంగా రాస్తున్నాం.

ప్రయోగశాల సంగ్రహంలోకి రెండు దారులున్నాయి. మొదటిది పాఠాల పేజీలు. 1962లో ఈ ప్రయోగశాలను స్థాపించిన పీటర్ లాడెఫోగెడ్ తన పాఠ్యపుస్తకాలకు తోడుగా తయారుచేసినవి ఇవి. ఒక్కో పదం, దాని ధ్వనిలేఖనం, అర్థం, పక్కనే నొక్కితే వినిపించే చిన్న శబ్ద ముక్క. రెండోది అసలు భాండాగారం. అందులో 200కు పైగా భాషల పద జాబితాలు, పొడవాటి రికార్డింగులు, పరిశోధకులు చేత్తో రాసుకున్న నోట్సుల స్కానింగులు ఉన్నాయి. భాష పేరుతోనో, శబ్దం రకంతోనో, ప్రపంచ పటం మీద వేలు పెట్టో వెతకవచ్చు. ఒరో విన్ కోసమైతే ముందు పాఠాల పేజీలకే వెళ్లండి. భాండాగారంలోకి నేరుగా దూకితే వందల ఫైళ్ల మధ్య ఏది వినాలో తెలియక మొదటి గంట వృథా అవుతుంది.

వెతికేటప్పుడు పేర్లు ఇబ్బంది పెడతాయి. ఒరో విన్‌ను పోర్చుగీసు రాతల్లో 'ఒరో ఉయిం' అని రాస్తారు. వరీ భాష పాత జాబితాల్లో నది పేరు మీదనే పకాస్ నోవోస్ అని కనిపిస్తుంది. ఇదే హల్లు వినబడే మరో అమెజాన్ భాష పిరహా, దాన్ని కొందరు మూరా-పిరహా అంటారు. ఈ గొడవ లేకుండా అంతర్జాతీయ మూడక్షరాల సంకేతంతో వెతకడం మంచిది: ఒరో విన్‌కు ఓ-ఆర్-డబ్ల్యూ, వరీకి పీ-ఏ-వీ, పిరహాకు ఎం-వై-పీ. భాండాగారంలో ఫైలు పేర్లు కూడా ఈ సంకేతంతోనే మొదలవుతాయి, తర్వాత పద జాబితా అన్న గుర్తు, సంవత్సరం, వరుస సంఖ్య వస్తాయి. సంవత్సరం చోట నాలుగు సున్నాలు కనిపిస్తే ఫైలు పాడైందని కంగారు పడకండి. రికార్డు చేసిన ఏడు నమోదు కాలేదని దాని అర్థం.

శబ్దం రెండు రూపాల్లో దొరుకుతుంది: వేవ్, ఎంపీ3. ఎంపీ3 చిన్నదని దాన్నే దించుకోవడం చాలామంది చేసే పొరపాటు. మామూలు మాటలకు పెద్ద తేడా ఉండదు గానీ ఈ హల్లుకు ఉంటుంది. ఎంపీ3 శబ్దాన్ని చిన్న ముక్కలుగా కోసి కుదిస్తుంది. ఒక్కో ముక్క నిడివి సుమారు 26 మిల్లీసెకన్లు. ముక్క మధ్యలో హఠాత్తుగా ఒక పేలుడు శబ్దం వస్తే, దాని సవ్వడి ఆ ముక్క మొదటికి కూడా పాకుతుంది. 'త్' పలికే ముందు పూర్తి నిశ్శబ్దం ఉండాలి, అక్కడ సన్నని బుస చేరుతుంది. పెదాలు ఒక్కసారి కొట్టుకోవడానికి పట్టే కాలం 35 మిల్లీసెకన్ల దరిదాపుల్లో ఉంటుంది. అంటే కుదింపు మరక మీరు చూడాలనుకునే విషయమంత పెద్దది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండే లోయ పూడిపోయి, కంపనం మామూలు ఊదుడులా వినిపిస్తుంది. కాబట్టి వేవ్ ఫైలే దించుకోండి. వినడానికి తీగ ఉన్న హెడ్‌ఫోన్ వాడండి. బ్లూటూత్ పరికరాలు చాలావరకు శబ్దాన్ని మళ్లీ కుదిస్తాయి.

ఈ రికార్డింగులు స్టూడియోలో చేసినవి కావు. వెనక బుస ఉంటుంది, బయటి అలికిడి ఉంటుంది, పదం అడిగే గొంతూ చెప్పే గొంతూ వేర్వేరు ఎత్తుల్లో ఉంటాయి. దీన్ని శుభ్రం చేద్దామని రొద తగ్గించే సాఫ్ట్‌వేర్ వేయడం కంటే పెద్ద తప్పు ఇంకొకటి లేదు. ఈ హల్లులో పెదాల కంపనం నాదం (గొంతులో స్వరతంత్రుల అదురు) లేనిది, బలహీనమైనది. సాఫ్ట్‌వేర్‌కు అది రొద లాగే కనిపిస్తుంది, తుడిచేస్తుంది. వినాలనుకున్నదే పోతుంది. బుసతో పాటే వినడం అలవాటు చేసుకోండి, కాసేపటికి చెవి దాన్ని పక్కన పెట్టేస్తుంది.

కంటితో చూడాలంటే ప్రాట్ సరిపోతుంది. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ బూర్స్మా, డేవిడ్ వేనింక్ తయారుచేసిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఓపెన్ మెనూలో రీడ్ ఫ్రమ్ ఫైల్ నొక్కి వేవ్ ఫైలు ఎంచుకోవాలి, తర్వాత వ్యూ అండ్ ఎడిట్. పదం మొదలు దగ్గరికి జూమ్ చేసి, తెర మీద 200 మిల్లీసెకన్లు మాత్రమే ఉండేలా చూసుకోండి. అంతకంటే ఎక్కువ ఉంటే దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడి కనిపించవు. స్పెక్ట్రోగ్రామ్ (శబ్దాన్ని చారలుగా చూపే పటం) విండో నిడివి 0.005 సెకన్ల దగ్గర ఉంచండి, పెంచితే నిలువు చారలు కలిసిపోతాయి. బుస ఎక్కువగా ఉన్న ఫైల్లో తెరంతా బూడిద రంగు కమ్మేస్తుంది, అప్పుడు డైనమిక్ రేంజ్‌ను 40 నుంచి 50 డెసిబెల్స్ మధ్యకు తగ్గిస్తే నేపథ్యం తెల్లబడుతుంది.

ఇప్పుడు కనిపించాల్సిన క్రమం ఇది. ముందు ఖాళీ, అంటే నాలుక పళ్ల దగ్గర గాలిని ఆపిన సమయం. తర్వాత ఒక గీత, నాలుక విడివడిన క్షణం. ఆ వెంటనే సమాన దూరాల్లో కొన్ని చారలు, అవే పెదాల దెబ్బలు. చివరికి అచ్చు మొదలై నాదం గీతలు దగ్గరదగ్గరగా వస్తాయి. రెండు చారల మధ్య దూరం కొలిచి ఒక సెకనును దానితో భాగిస్తే కంపన వేగం తెలుస్తుంది. 35 మిల్లీసెకన్లు వస్తే సెకనుకు దాదాపు 29 సార్లు అన్నమాట. ఇలాంటి పెదాల కంపనాలు సాధారణంగా 25, 30 మధ్య ఉంటాయి. మీకు 100, 150 వస్తే మీరు కొలిచింది పెదాలను కాదు, తర్వాతి అచ్చులో స్వరతంత్రుల కదలికను. ప్రాట్ గీసే నీలి రంగు పిచ్ గీతను ఇక్కడ పట్టించుకోవద్దు. అది మామూలుగా 50 హెర్ట్జ్ కంటే కింద వెతకదు కాబట్టి పెదాల కంపనం దానికి అసలు ఆనదు.

నెమ్మదిగా వినాలని అందరికీ అనిపిస్తుంది. శ్రుతి మారకుండా సాగదీసే పద్ధతులు వాడొద్దు. నాదం లేని చోట అవి ఉన్న ముక్కనే మళ్లీ మళ్లీ అతికిస్తాయి, లేని దెబ్బలు పుట్టుకొస్తాయి. దానికి బదులు ప్రాట్‌లో ఓవర్‌రైడ్ శాంప్లింగ్ ఫ్రీక్వెన్సీ అనే ఆదేశంతో సెకనుకు ఉండే నమూనాల సంఖ్యను సగం చేయండి, 44,100 ఉంటే 22,050. గొంతు బండగా మారుతుంది, కానీ దెబ్బల సంఖ్య మారదు, చెవితో లెక్కపెట్టవచ్చు.

విన్నాక పలకాలనిపిస్తుంది. ఇక్కడ తెలుగువాళ్లకు ఒక మేలు ఉంది. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ల 'త' లాంటి హల్లు పళ్ల వెనక గట్టు మీద పలుకుతుంది. మన 'త' అచ్చమైన దంత్యం, ఒరో విన్‌కు కావలసింది సరిగ్గా అదే. కాబట్టి సగం పని ముందే అయిపోయింది. మిగతా సగం పెదాలది. ముందు పెదాల కంపనాన్ని ఒంటరిగా సాధన చేయండి: పసిపిల్లలు ఉమ్ము బుడగలతో చేసే 'బుర్ర్' లాంటిదే, కాకపోతే గొంతులో నాదం ఉండకూడదు. గొంతు మీద వేలు పెట్టి చూసుకోండి, అదురు తగిలితే అది సరళం అయిపోయినట్టు. మనకు కావలసింది పరుషం. అది కుదిరాక, నాలుకను 'త' స్థానంలో ఆనించి, పెదాలను 'ఊ' అనబోతున్నట్టు ముందుకు తెచ్చి, తేలిగ్గా తాకించి ఉంచండి. ఊపిరి వెనక నుంచి కాస్త ఒత్తాలి. ఇప్పుడు నాలుకను మాత్రమే వదలండి. గాలి పెదాల దగ్గరికి వచ్చి వాటిని తెరుస్తుంది, పెదాల సాగుడు గుణం వాటిని మళ్లీ మూస్తుంది. రెండు మూడు దెబ్బలు పడగానే 'ఒ' అనో 'ఉ' అనో అచ్చులోకి జారండి.

చెడే చోట్లు తెలిసినవే. పెదాలు బిగపడితే కంపనం రాదు, గాలి సన్నగా దూరి 'ఫూ' అని ఊదినట్టవుతుంది. వదులు మరీ ఎక్కువైతే బుగ్గలు ఉబ్బి దెబ్బ బరువుగా, నెమ్మదిగా పడుతుంది. బుగ్గలను లోపలికి పట్టి ఉంచితే సర్దుకుంటుంది. నాలుకకూ పెదాలకూ మధ్య ఒక చిన్న అచ్చు దూరి 'తుబ్ర్' లాంటిది వస్తే, పెదాలు ఆలస్యంగా కలుస్తున్నాయన్నమాట. నాలుక విడవక ముందే పెదాలు సిద్ధంగా ఉండాలి. అందరూ చేసే ఇంకో తప్పు సాగదీయడం. శబ్దం సరదాగా ఉంటుంది కాబట్టి అర సెకను లాగుతారు. అసలు రికార్డింగులో కంపనం మొత్తం దాదాపు పదో వంతు సెకనులో ముగుస్తుంది. మీ గొంతును కూడా ప్రాట్‌లో రికార్డు చేసి అసలు దాని పక్కన పెట్టుకోండి. చెవి మోసపోయినా చారల లెక్క మోసపోదు.

యూసీఎల్ఏ సంగ్రహం బలమంతా పోలికల్లో ఉంది. ఈ హల్లు చపకూరా భాషల్లో గుండ్రని అచ్చుల ముందు వినబడుతుంది. వరీలో 'ఒ'తో పాటు మరో గుండ్రని అచ్చు ఉంది. నాలుకను 'ఈ' అనే చోట ఉంచి పెదాలను మాత్రం 'ఊ'కు చుట్టినట్టు పలికేది అది. గుండ్రని అచ్చు రాబోతోందంటే పెదాలు ముందే దగ్గరికి వచ్చి ఉంటాయి, సందు సన్నగా ఉంటుంది, గాలి వేగంగా తోస్తే అవి కొట్టుకోవడానికి అనువైన స్థితి అదే. పాపువా న్యూగినీలోని మానుస్ ద్వీపంలో కెలె, టిటాన్ భాషల్లో కూడా పెదాల కంపితం ఉంది. అక్కడ 'మ్బ' లాంటి హల్లు 'ఉ' ముందు వచ్చినప్పుడు పుట్టింది, అది నాదం ఉన్నది. కెలె రికార్డింగు ఒకసారి, ఒరో విన్ ఒకసారి వరసగా వినండి. మొదటిదాంట్లో ముక్కు నుంచి నాదం సాగుతూ కంపనంలోకి వస్తుంది, రెండోదాంట్లో నిశ్శబ్దం నుంచి ఒక్కసారిగా పుడుతుంది. ఎంత వర్ణించినా రాని స్పష్టత ఆ రెండు ముక్కలు వింటే వచ్చేస్తుంది. ఈ పోలిక ఒకే చోట చేయగలగడం, మా దృష్టిలో, ఈ వనరుకు ఉన్న అతి పెద్ద గుణం.

ప్రసంగవశాత్తూ ఒక మాట: దంత్యంతో మొదలయ్యే ఇదే తరహా కంపితం నాగాలాండ్‌లోని సాంగ్తం భాషలోనూ ఉందని అలెగ్జాండర్ కూప్ 2015లో వివరించారు. అక్కడ అల్పప్రాణ, మహాప్రాణ భేదం కూడా ఉంది. అమెజాన్ అడవి నుంచి నాగా కొండలకు చుట్టరికమేమీ లేదు, మనిషి నోటి నిర్మాణం ఒకటే కాబట్టి రెండు చోట్లా విడివిడిగా పుట్టింది.

వరీ రికార్డింగులు వినేటప్పుడు ఇంకో రెండు సంగతులు గమనించండి. వరీలో సరళాలు లేవు, గ, జ, డ, ద, బ వంటి స్పర్శాలు వినబడవు. 'మ', 'న' పలికి వెంటనే గొంతును టక్కున మూసే హల్లులు ఉన్నాయి. పదం చివర 'మ్' అంటూనే ఊపిరి కోసేసినట్టు వినిపిస్తే అదే. పద జాబితాలో చేతిరాతతో ఉన్న ధ్వనిలేఖనంలో ప్రశ్నార్థకం ఆకారంలో ఉండే గుర్తు ఈ గొంతు మూతకే. దాన్ని నిజంగా ప్రశ్న అనుకుని, పరిశోధకుడికి సందేహం ఉందని అర్థం చేసుకునేవాళ్లు ఉంటారు. పెదాల కంపితానికి అంతర్జాతీయ ధ్వనిలిపిలో చిన్న సైజులో రాసిన పెద్ద బి అక్షరం గుర్తు. మన హల్లుకు దంత్య గుర్తు కింద ఉన్న టీ, ఆ తర్వాత ఈ బి, నాదం లేదని చెప్పే చిన్న సున్నా దాని కింద. బ్రౌజరులో ఇవి ఖాళీ డబ్బాలుగా కనిపిస్తే డౌలోస్ ఎస్‌ఐఎల్ లేదా చారిస్ ఎస్‌ఐఎల్ ఫాంటు ఎక్కించుకోండి, రెండూ ఉచితమే.

లోపాల్లో పెద్దది రికార్డింగుల స్వభావంలోనే ఉంది. ఇక్కడున్నవి విడి పదాలు. ఒక మనిషి, ఒక పదం, ఒకటి రెండుసార్లు. మాట్లాడే వేగంలో ఈ హల్లు ఏమవుతుంది, ఇద్దరు ముసలివాళ్లు నవ్వుకుంటూ చెప్పుకునేటప్పుడు దెబ్బలు తగ్గుతాయా, పెరుగుతాయా, ఈ ప్రశ్నలకు పద జాబితాలో జవాబు ఉండదు. అసలు ఈ హల్లు జాబితాకెక్కడమే ఎంత కష్టమో పిరహా భాష అనుభవం చెబుతుంది. ఎవరెట్ ఏళ్ల తరబడి పిరహా ప్రజల మధ్య పనిచేశాక గానీ వాళ్ల నోట ఈ శబ్దం వినలేదు. బయటివాళ్లు విన్నప్పుడల్లా ఎగతాళి చేయడం వల్ల తన ముందు వాళ్లు దాన్ని పలకకుండా జాగ్రత్తపడి ఉంటారని ఆయన ఊహించారు. లాడెఫోగెడ్, ఎవరెట్ కలిసి 1996లో లాంగ్వేజ్ పత్రికలో ఇలాంటి అరుదైన శబ్దాల స్థితి గురించి రాశారు. పద జాబితాలో లేదంటే భాషలో లేదని కాదు, బయటి మనిషి ముందు చెప్పలేదని కావచ్చు. ఈ భాండాగారంలోని ఏ చిన్న భాష విషయంలోనైనా ఈ జాగ్రత్త పాటించాలి.

భాండాగారం ఇలా ఉండడం వెనక లాడెఫోగెడ్ ఆలోచన ఉంది. 1992లో అదే పత్రికలో భాషలు చచ్చిపోకుండా కాపాడటం భాషాశాస్త్రజ్ఞుల బాధ్యత అని కొందరు రాసినప్పుడు, ఆయన విభేదించారు. భాషను నిలుపుకోవాలా వద్దా అన్నది ఆ జనం తేల్చుకోవలసింది, మా పని వాస్తవాలు ముందు పెట్టడం అన్నది ఆయన వాదన. ఆ వాదన ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఈ సంగ్రహం ఎందుకు ఇలా ఉందో దానితో అర్థమవుతుంది. శబ్దాల వాస్తవాలు శ్రద్ధగా, నిజాయితీగా ఉన్నాయి. భాష నేర్చుకోవడానికి, పిల్లలకు నేర్పడానికి కావలసినవి లేవు. పేజీలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. రొండోనియాలో ఒక ఒరో విన్ యువకుడు తన తాత తరం గొంతు వెతుక్కోవాలంటే ఇంగ్లీషు దాటి రావాలి. పోర్చుగీసులో కనీసం దారి చూపే ఒక పేజీ ఉండాల్సింది. ఇది మాకు అన్నిటికంటే బాధ కలిగించే లోటు.

సంభాషణలు, కథలు, పాటలు కావాలనుకునేవారు వేరే సంస్థల వైపు చూడాలి. లండన్‌లో మొదలై 2021లో బెర్లిన్‌కు మారిన ఎలార్ భాండాగారంలో ప్రమాదంలో ఉన్న భాషల వీడియోలు, లిప్యంతరీకరణతో సహా ఉంటాయి. ముందు ఖాతా తెరవాలి, కొన్ని ఫైళ్లకు సేకరించినవారి అనుమతి అడగాలి, జవాబుకు సమయం పట్టవచ్చు. టెక్సాస్ విశ్వవిద్యాలయం వారి ఐలా లాటిన్ అమెరికా భాషలకే ప్రత్యేకం, స్పానిష్‌లో కూడా వాడుకోవచ్చు. బ్రెజిల్‌లోనే బెలేమ్ నగరంలో 1866 నుంచీ ఉన్న గోల్డీ మ్యూజియం అమెజాన్ భాషల రికార్డింగులను భద్రపరుస్తోంది. శబ్దం నాణ్యత, సందర్భం రెండూ కావాలంటే ఇవే మెరుగు, కానీ ఏ భాషకు ఎంత ఉందో ముందుగా వెతికి చూసుకోవాలి.

శబ్దాల పట్టికలు ఇచ్చే ఫోయిబుల్ కూడా ఉపయోగమే. 2019లో వచ్చిన దాని రెండో సంచికలో 2,186 భాషలకు చెందిన 3,020 పట్టికలు ఉన్నాయి. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తయారుచేసిన శాఫాన్ దక్షిణ అమెరికాకే పరిమితం. ఏ భాషలో ఏ హల్లులున్నాయో ఇవి క్షణంలో చెబుతాయి, ఆడియో మాత్రం ఉండదు. పట్టికలో ఒక గడిగా ఉన్న ఈ హల్లును చూసి ఊహించుకున్నదానికీ, రికార్డింగులో విన్నదానికీ పొంతన ఉండదు. పట్టిక ముందు చూసి, అనుమానం ఉన్న శబ్దాన్ని యూసీఎల్ఏలో వినడం మంచి పద్ధతి. వరీ శబ్దాల కొలతలతో కూడిన పరిశోధన పత్రం కూడా ప్రయోగశాల వర్కింగ్ పేపర్లలో, 1990ల సంచికల్లో ఉంది. ఈ-స్కాలర్‌షిప్ అనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ నిల్వలో ఉచితంగా చదవవచ్చు. రికార్డింగు విని, దాన్ని పక్కన పెట్టుకుని చదివితే ప్రతి పటం అర్థమవుతుంది.

వాడకం నిబంధనల గురించి. భాండాగారం క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంది: మూలం చెప్పాలి, వ్యాపారానికి వాడకూడదు. తరగతిలో వినిపించవచ్చు, పరిశోధనలో కొలవవచ్చు. వింత శబ్దంగా ముక్క కోసి, నవ్వు పుట్టించే వీడియోల్లో అతికించడం లైసెన్సు ఏం చెప్పినా తప్పే. ఎగతాళికి భయపడి ఒక జాతి తన శబ్దాన్ని దాచుకున్న చరిత్ర ఉన్నచోట ఇంకా తప్పు.

మా అంచనా ఇది. శబ్దం వినడానికి, కొలవడానికి, పోల్చడానికి: ఐదుకు ఐదు. వెతకడంలో సౌకర్యం: మూడు, పేర్ల గందరగోళం వల్ల, పేజీల పాత తీరు వల్ల. భాష గురించి తెలుసుకోవడానికి: రెండు. ధ్వనిశాస్త్రం చదివే విద్యార్థులు, ఉచ్చారణ నేర్పే ఉపాధ్యాయులు, గొంతుతో ప్రయోగాలు చేసే గాయకులు, రంగస్థల నటులు తప్పక వాడాలి. మొత్తం భాష నేర్చుకోవాలనుకునేవారు ఇక్కడ మొదలుపెట్టవద్దు.

దించుకునేటప్పుడు వేవ్ ఫైలుతో పాటు దాని పద జాబితా స్కానింగును కూడా తీసుకోండి. టిఫ్ బొమ్మలు పెద్దవి, చదువుకోవడానికి జేపెగ్ చాలు. రెండింటినీ ఒకే ఫోల్డరులో, అసలు పేర్లు మార్చకుండా ఉంచండి. పేరు మారిస్తే ఏ సంవత్సరం, ఏ జాబితా అన్న ఆనవాలు పోతుంది. జాబితా లేని శబ్దం ఆరు నెలల తర్వాత తెరిస్తే అందులో ఏ పదం ఎక్కడ మొదలైందో, దాని అర్థమేమిటో తేల్చడం ఎవరి వల్లా కాదు.